మడతాయన ఊపిరి పరీక్ష

ముప్పై నాలుగేళ్లు సిగరెట్లు కాల్చిన మనిషి ఒక్క అగ్గిపెట్టె కూడా కొనలేదంటే ఎవరూ నమ్మరు. మడతాయన మాత్రం నిజంగానే కొనలేదు. ఆయనది బొగ్గుల ఇస్త్రీ. నిప్పు ఎప్పుడూ చేతికిందే ఉండేది. పొద్దున్నే కొట్టు తెరిచి, ఇత్తడి ఇస్త్రీపెట్టెలో బొగ్గులు నింపి, ఇంటి పొయ్యి నుంచి తెచ్చిన నిప్పు వేసి, అట్టముక్కతో విసిరి, అవి అంచుల్లో ఎర్రబడగానే చిన్న పట్టకారుతో ఒక నిప్పుకణిక పైకి తీసి సిగరెట్ ముట్టించేవాడు. ఆ సిగరెట్ వేలికి చురుక్కుమనేసరికి పెట్టె సరిగ్గా కాగి ఉండేది. మధ్యాహ్నం మళ్లీ బొగ్గులు వేసినప్పుడు ఇంకొకటి. ఆ మధ్యలో కోటు వస్తే ఒకటి, కుచ్చుల గౌను వస్తే ఒకటి, విసుగొస్తే ఒకటి, ఎవరైనా పని మెచ్చుకుంటే ఆ సంతోషానికి ఒకటి. అలా రోజుకు పదహారు.

మడతాయన అన్నది వీధివాళ్లు పెట్టిన పేరు. ఆయన మడిచిన చొక్కాను విప్పి తొడుక్కోవడానికి మనసొప్పదని అందరూ అనేవారు. కరెంటు పెట్టె కొనుక్కోరాదా అని ఎవరైనా సలహా ఇస్తే ఆయన చిన్నబుచ్చుకునేవాడు.

“కరెంటు పెట్టె బట్టను బుజ్జగిస్తుందండీ. బొగ్గుల పెట్టె బుద్ధి చెబుతుంది,” అనేవాడు.

కొట్టంటే వీధి వైపు ఒక తలుపు, పక్కగా ఒక కిటికీ ఉన్న ఒక్క గది. మధ్యలో దుప్పట్లు పరిచిన బల్ల. బల్ల వెనక ఆయన నిలబడేవాడు. గోడ వారగా ముక్కాలిపీట మీద ఆయన భార్య కూర్చుని బట్టల మీద నీళ్లు చిలకరించేది, ఊడిన గుండీలు కుట్టేది, ఎవరి మూట వాళ్లకు కట్టేది. కిటికీకి ఎదురుగా టీ బండి. ఆ బండి నడిపే ఆయన చుట్టం కాదు, పక్కం కాదు, అయినా ఇరవై ఏళ్లుగా ఈయన్ను బావా అనే పిలిచేవాడు. ఆవిడ అతన్ని అన్నయ్యా అనేది. టీ తాగేవాళ్లు సిగరెట్ నోట్లో పెట్టుకుని కిటికీ దగ్గరకొచ్చి “బావా, కాస్త నిప్పు” అంటే మడతాయన పట్టకారుతో కణిక అందించేవాడు. వీధిలో సగం మంది సిగరెట్లు ఆయన నిప్పుతోనే వెలిగేవి.

ఇదంతా ఎడమకాలి చీలమండతో చెడింది. రెండేళ్ల కిందట బస్సు దిగుతుంటే ఆ కాలు మెలిక పడింది. “బట్టలు మడిచే మనిషివి, కాలెందుకు మడిచావు బావా?” అని టీ బండి ఆయన నవ్వించాడు కానీ, నొప్పి పోలేదు. కీలు అరిగిపోయింది. రోజుకు పది గంటలు నిలబడే పని. మధ్యాహ్నానికి కాలు గుమ్మడికాయంత అయ్యేది. ఒంటికాలి మీద కొంగలా నిలబడి ఇస్త్రీ చేసేవాడు. ఇంకో ఏడాది ఇలాగే సాగితే కొట్టు మూయడమేనని ఆయనకూ తెలుసు, ఆవిడకూ తెలుసు. ఇద్దరూ పైకి అనేవారు కాదు.

ఎముకల డాక్టరు ఎక్స్‌రే ఫోటోలు చూసి, కాలు తిప్పి చూసి, కళ్లద్దాలు తీశాడు.

“చెయ్యొచ్చు. రెండు ఎముకల్నీ మరలు పెట్టి బిగిస్తాను. అతుక్కుంటే నొప్పి లేకుండా నిలబడతావు. కానీ మరలు బిగించడం వరకే నా పని. అతుక్కోవడం నీ ఒంటి పని. పొగ తాగే ఒంట్లో ఎముక సరిగ్గా అతకదు. ఆరు వారాలు ఒక్కటి కూడా ముట్టుకోకుండా ఉండి రా.”

“తగ్గిస్తానండీ.”

“తగ్గించడం కాదు, మానెయ్యాలి.”

“పోనీ, ఆ నమిలే బిళ్లలేవో ఉంటాయటగా...”

“నీ విషయంలో అవీ వద్దు. వాటిలో ఉండేదీ నికోటినే. మామూలుగా మానేవాళ్లకైతే నేనే రాసిస్తాను. ఎముక అతకాలంటే మాత్రం ఏదీ లేకుండా ఉండాలి.”

పక్కగదిలో ఒక సిస్టరమ్మ ఉండేది. పొగ మానేవాళ్లను చూసుకోవడమే ఆమె పని. అరచేతిలో పట్టేంత యంత్రానికి అట్టగొట్టం తగిలించి ఇచ్చింది. గాలి పీల్చి, పదిహేను అంకెలు లెక్కపెట్టేదాకా బిగబట్టి, నెమ్మదిగా ఊదమంది. ఊదాడు. ఎర్రదీపం వెలిగింది. ఇరవై ఆరు.

“పొగలో ఉండే విషవాయువు మీ ఊపిరిలో ఎంతుందో ఇది చెబుతుందండీ. ఆరు లోపు రావాలి. ఆపరేషన్ ముందు డాక్టరు గారు ఈ అంకే చూస్తారు,” అంది. ఆమె గొంతు మెత్తన. వచ్చిన ప్రతివాడికీ కుర్చీ తనే జరిపి ఇచ్చేది. “తాగాలనిపించినప్పుడు వెంటనే కాదనుకోకండి, పది నిమిషాలాగి చూద్దాం అనుకోండి. నీళ్లు తాగండి. చేతికి ఏదో ఒక పని పెట్టండి. ఆ కోరిక అలలాంటిది. వస్తుంది, మూడు నాలుగు నిమిషాల్లో పోతుంది.”

మడతాయన తలూపి వచ్చాడు. దేవుడి పటం ముందు నిలబడి, “స్వామీ, నాకు కాలివ్వు, నేను సిగరెట్ ఇచ్చేస్తాను,” అని ఒప్పందం చేసుకున్నాడు. ఆవిడ వెనక నుంచి విని మూతి తిప్పింది.

“ఆయనతో ఇది నాలుగో ఒప్పందం. ఆయనకు గుర్తుండదనుకున్నావా?”

ఆవిడ అలా అనడానికి కారణం లేకపోలేదు. మొదటిసారి మానేసినప్పుడు సిగరెట్లు బొగ్గుల బస్తాలో దొరికాయి. రెండోసారి గడియారం వెనక. మూడోసారి, హ్యాంగరుకు వేలాడుతున్న ఎవరిదో కోటు జేబులో సిగరెట్ పెట్టె దాచాడు. సాయంత్రానికి ఆ కోటు వాళ్లింటికి వెళ్లిపోయింది. జన్మలో పొగ తాగని ఆ పెద్దమనిషిని ఆయన ఇల్లాలు రెండు రోజులు గుమ్మం బయట నిలబెట్టినంత పని చేసింది. అప్పటి నుంచి ఈ విషయంలో మడతాయన మాటకు ఆ ఇంట్లో విలువ లేదు.

అయినా ఈసారి ఆయన నిజంగానే మానేశాడు. ఆ మొదటి వారం ఎలా గడిచిందో ఆయనకు తెలుసు, ఆ పైవాడికి తెలుసు. అల అట, వచ్చి పోతుందట! మడతాయన దగ్గరకొచ్చిన అల వచ్చినట్టే ఉండి అద్దెకు దిగింది. పెట్టె మూత తెరిస్తే చాలు, ఎర్రటి కణిక కళ్లలోకి చూసి పలకరించేది. పట్టకారు తనంతట తానే చేతిలోకొచ్చేది. నీళ్లు తాగీ తాగీ పెరటికీ బల్లకూ మధ్య తిరగడమే సరిపోయింది. గుండీ కుదురుగా లేకపోతే గుండీ మీద కోపం, కాలరు వంకరగా ఉంటే దాన్ని కుట్టినవాడి మీద కోపం. ఈగ వాలితే ఈగను ‘ఏరా’ అని తిట్టాడు.

దానికి తోడు సలహాలు. బట్టల మూటతో పాటు ప్రతివాళ్లూ ఒక సలహా తెచ్చేవారు. ఒకాయన లవంగం బుగ్గన పెట్టుకోమన్నాడు. ఇంకొకావిడ చన్నీళ్లు పోసుకోమంది. వాళ్ల మేనమామ మానేసిన వైనం ఒకడు చెప్పాడు, గంటసేపు చెప్పాడు, చివరికి ఆ మేనమామ మళ్లీ మొదలుపెట్టాడట. మడతాయనకు తల ప్రాణం తోకకొచ్చింది.

అన్నిటికంటే పెద్ద చిక్కు వేరే ఉంది. ఆయన దగ్గర గడియారం ఉన్నా, పెట్టె కాగిందో లేదో చెప్పింది ఇన్నేళ్లూ సిగరెట్టే. అది లేకపోయేసరికి వేడి అంచనా తప్పింది. ఒకసారి తొందరపడి చల్లటి పెట్టెతో రుద్దితే ముడతలు నవ్వుకుంటూ అలాగే ఉండిపోయాయి. ఇంకోసారి నీళ్లు తాగి, గోడకు చేరబడి, వంద అంకెలు లెక్కపెట్టి వచ్చి, పెద్ద మాస్టారి తెల్లచొక్కా మీద పెట్టె ఆనించాడు. చుయ్యిమంది. తీసి చూస్తే వీపు మీద పెట్టె ముక్కు ఆకారంలో గోధుమరంగు మచ్చ. ముప్పై నాలుగేళ్లలో ఒక్క బట్ట కాల్చని చెయ్యి అది.

పెద్ద మాస్టారు బడిలో పని చేసి విరమించిన మనిషి, డెబ్బై దాటాయి. మడతాయన చొక్కా రెండు చేతులతో పట్టుకుని ఆయన ముందు తల దించుకున్నాడు. ఆయన మచ్చ చూశాడు, మనిషిని చూశాడు.

“ఎన్నో రోజు?”

“తొమ్మిదోదండీ.”

“నా ఒంటి మీద కోటుంటుందిలే, వీపు ఎవరు చూస్తారు?” అని ఆ చొక్కానే మడత పెట్టించుకుని వెళ్లాడు. మర్నాడు ఇంకో రెండు తెల్లచొక్కాలు తెచ్చి, “ఇవి కూడా నువ్వే చెయ్యి,” అని బల్ల మీద పెట్టాడు. ఇలాంటి మనుషుల్ని దేవుడు అక్కడక్కడ పెట్టబట్టే రోజులు నడుస్తాయి. మడతాయన ఆ రెండు చొక్కాలూ చేసేసరికి చెమటతో తడిసిపోయాడు కానీ, మచ్చ పడనివ్వలేదు.

పెట్టెతో ఒక రాజీ కుదిరింది. టీ బండి దగ్గర మాత్రం కుదరలేదు. కిటికీలోంచి పొగ తిన్నగా బల్ల మీదికే వచ్చేది. “బావా, నిప్పు,” అని ఒకడొస్తాడు. ఇచ్చిన నిప్పుతో అక్కడే ముట్టించి, మొదటి దమ్ము కిటికీలోకే వదులుతాడు. ఆ వాసనకు మడతాయన నోట్లో నీళ్లూరేవి, కళ్లలో నీళ్లు తిరిగేవి. పదో రోజు పొద్దున ఇక లాభం లేదనుకుని కిటికీ మూసి గడియ పెట్టాడు. తలుపు కూడా దగ్గరకు లాగాడు. ‘ఇస్త్రీ కొట్టు తెరిచే ఉంది, తలుపు తట్టండి’ అని అట్ట మీద రాసి బయట తగిలించాడు.

“ఉక్కపోస్తోందయ్యా,” అంది ఆవిడ.

“ఉక్కతో ఎవరూ చావరు. పొగ వాసనకు నా ప్రాణం పోతోంది.”

తలుపు మూశాక వాసన తగ్గింది. తలనొప్పి మొదలైంది. మధ్యాహ్నమయ్యేసరికి కణతల్లో సమ్మెట దెబ్బలు, కడుపులో తిప్పు. సిగరెట్ మానితే ఇలాగే ఉంటుంది కాబోలనుకుని పళ్ల బిగువున ఓర్చుకున్నాడు. ఆవిడకూ తలనొప్పే. ఆవిడ తన లెక్క తను వేసుకుంది.

“పొద్దస్తమానం నీ చిరాకు వినీ వినీ నా తల పగిలిపోతోంది. నువ్వు మానేస్తే నాకెందుకీ శిక్ష?”

రోజూ సాయంత్రం కొట్టు కట్టేముందు ఆవిడ ఆయన ఎదురుగా వచ్చి నిలబడేది. “ఏదీ, ఊదు,” అనేది. ఊదేవాడు. వాసన చూసి, “తాగావా?” అనేది. “లేదు,” అనేవాడు. “ఊఁ,” అనేది. ఆ ‘ఊఁ’ అన్న మాటకు మడతాయన ఒళ్లు మండిపోయేది. నమ్మానని కాదు, నమ్మలేదని కాదు. దానికంటే రెండు తిట్లు నయం.

మూడో వారం పరీక్ష. సగం పని ముగించుకుని, కొట్టు నుంచి తిన్నగా ఇద్దరూ ఆసుపత్రికి వెళ్లారు. మడతాయన బడిలో మొదటి ర్యాంకు వచ్చే పిల్లాడిలా ఛాతీ విరుచుకుని ఊదాడు.

ఎర్రదీపం. పదిహేడు.

“ఇది చెడిపోయింది,” అన్నాడు మడతాయన.

సిస్టరమ్మ గొట్టం మార్చి మళ్లీ ఊదించింది. పదిహేడు. తనే ఊది చూపించింది. రెండు, పచ్చదీపం.

“పరవాలేదండీ, ఒకటీ అరా జారడం అందరికీ ఉంటుంది. నా దగ్గర దాచకండి. ఇంట్లో ఇంకెవరైనా తాగుతారా?”

“ఎవరూ తాగరు. నేనూ తాగలేదమ్మా! ఇరవై ఒక్క రోజులు! దేవుడి మీద ఒట్టు!”

“దేవుణ్ణి మధ్యలోకి లాగకు,” అంది ఆవిడ పళ్ల మధ్య నుంచి.

బస్సు దిగి ఇద్దరూ కొట్టుకొచ్చారు. లోపలికి రాగానే ఆవిడ బొగ్గుల బస్తా నేల మీద కుమ్మరించింది. గడియారం దింపింది. హ్యాంగర్లకున్న కోట్ల జేబులన్నీ తడిమింది. ఎక్కడా ఏమీ దొరకలేదు. దొరకకపోవడం ఆవిడకు ఇంకా పెద్ద అనుమానమైంది.

“ఈసారి బాగా దాచావు.”

“దాచడానికి ఉంటేగా!”

“మరి యంత్రం అబద్ధమాడుతుందా? దానికి నీ మీద ఏం పగ?”

తాగిన రోజుల్లో మడతాయనకు ఎన్నో అబద్ధాలు చక్కగా అతికేవి. ఇప్పుడు ఒక్క నిజం అతకట్లేదు. పోనీ, తాగి అయినా ఆ మాట పడితే బాగుండునని ఒక క్షణం అనిపించింది. పట్టకారు చేతిలోకి కూడా తీసుకున్నాడు. మళ్లీ కిందపెట్టి, చెంపలేసుకున్నాడు.

ఆలోచించగా ఆలోచించగా ఆయనకు ఒక్కటే తోచింది. టీ బండి పొగ సందుల్లోంచి వస్తోంది, అదే తన ఊపిరిలోకి పోతోంది. అంతే, మర్నాడు పాత దుప్పటి చింపి కిటికీ సందుల్లో కుక్కాడు. తలుపు కింద గోనెపట్టా దోపాడు. గాలి చొరబడే వీలు లేకుండా చేసి, ఇక చూస్తానన్నట్టు పెట్టెలో నిండుగా బొగ్గులు పోశాడు. బయట టీ బండి ఆయన తలుపు తట్టి, “బావా, నన్ను వెలివేశావా?” అని అరిచాడు. “నిన్ను కాదు, నీ పొగను,” అని లోపల్నుంచే కేక వేశాడు.

వారం తర్వాత మళ్లీ పరీక్ష. ఈసారి గదిలో డాక్టరు కూడా ఉన్నాడు. మడతాయన కళ్లు మూసుకుని, మనసులో దణ్ణం పెట్టుకుని ఊదాడు.

ఇరవై ఒకటి.

డాక్టరు కాగితాలు మూశాడు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

“చూడయ్యా, నిన్ను తిట్టడానికి నాకు తీరిక లేదు. వరసలో చాలామంది ఉన్నారు. నీ తేదీ ఇంకొకరికి ఇస్తాను. నిజంగా మానేసినప్పుడు రా.”

కాలు పోయింది. కొట్టు పోయింది. ఇరవై ఎనిమిది రోజులు నరకం చూసిన మనిషి, తాగినవాడి శిక్ష తాగకుండా అనుభవిస్తున్నాడు. పక్కన ఆవిడ లేచింది. ముఖం ఎర్రగా కందిపోయి ఉంది.

“సిగ్గు లేదూ? పెద్దవాళ్ల ముందు నా తల తీసేశావు! ఊదడం కూడా రాదు నీకు. ఏదమ్మా, ఆ గొట్టం ఇలా ఇవ్వు. పొగ తాగని మనిషి ఊపిరి ఎలా ఉంటుందో ఈయనకు నేను చూపిస్తాను!”

సిస్టరమ్మ ఆపబోయింది కానీ, ఆవిడను ఆపడం మడతాయన వల్లే ఎప్పుడూ కాలేదు. కొత్త గొట్టం పెట్టించుకుని, గాలి పీల్చి, పదిహేను అంకెలూ వేళ్ల మీద లెక్కపెట్టి, బుగ్గలు పొంగించి ఊదింది.

ఎర్రదీపం వెలిగింది. పద్నాలుగు.

సిస్టరమ్మ యంత్రం వైపు చూసి, ఆవిడ వైపు చూసి, వీలైనంత మెత్తగా అడిగింది.

“అమ్మా... మీకు కూడా ఏమైనా అలవాటుందా?”

“నాకా? నా మొహానికి సిగరెట్టా?” ఆవిడ కేక వరండాలోకి వినబడింది. “మా పుట్టింట్లో అగరొత్తి పొగ పడక నేను బయట కూర్చునేదాన్ని! ఏమయ్యా, అలా బెల్లం కొట్టిన రాయిలా నిలబడతావేం? చెప్పు వీళ్లకి!”

ముప్పై ఏళ్ల కాపురంలో మడతాయనకు అలాంటి అవకాశం రాలేదు. పాపం, నోరు తెరిచి, “యంత్రం అబద్ధమాడుతుందా? దానికి నీ మీద ఏం పగ?” అన్నాడు. అని, వెంటనే భయపడ్డాడు.

డాక్టరు మాత్రం నవ్వలేదు. మూసిన కాగితాలు మళ్లీ తెరిచాడు. “మీరిద్దరూ పగలంతా ఎక్కడుంటారు?”

“కొట్లోనండీ.”

“ఏం కొట్టు?”

“ఇస్త్రీ. బొగ్గులది.”

“తలుపులూ కిటికీలూ?”

మడతాయన కాస్త గర్వంగానే చెప్పాడు. “అన్నీ మూసేశానండీ. సిగరెట్ వాసన రాకుండా సందులు కూడా కుక్కేశాను. దోమ కూడా దూరదు.”

సిస్టరమ్మ నుదురు కొట్టుకుంది. “అయ్యో దేవుడా, తలనొప్పి వస్తోందా?”

“రోజూ వస్తోందమ్మా. మానేసినందుకే కదా?”

“ఈయన నస వల్ల నాకూ వస్తోంది,” అంది ఆవిడ.

డాక్టరు లేచి నిలబడ్డాడు. ఈసారి మాత్రం కోప్పడ్డాడు. “మానేసినందుకూ కాదు, నస వల్లా కాదు. సిగరెట్ పొగలో ఉండే విషవాయువే కాలే బొగ్గుల్లోంచీ వస్తుంది. దానికి వాసన ఉండదు. తలుపు తెరిచి ఉన్నన్నాళ్లూ బయటికి పోయింది. నువ్వు సిగరెట్‌కు భయపడి దాన్ని గదిలో బంధించి, భార్యతో సహా పీలుస్తున్నావు. ఇంకొంచెం గట్టిగా మూసి ఉంటే ఒకరోజు ఇద్దరూ బల్ల పక్కనే పడిపోయేవారు. ఎవరూ తలుపు కూడా తట్టేవారు కాదు.”

తట్టేవారే, అనుకున్నాడు మడతాయన, అట్ట మీద రాసి పెట్టానుగా. కానీ పైకి అనలేదు. పక్కనున్న మనిషి వైపు చూడలేకపోయాడు. సిగరెట్ తాగినన్నాళ్లూ చెయ్యని కీడు మానేసి చేయబోయాడు. ఆ పైవాడు ఆవిడ చేతికి ఆ గొట్టం అందించకపోతే ఏమయ్యేదో!

సిస్టరమ్మ కుర్చీ జరిపి ఆయన్ను కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇచ్చింది. “తప్పు నాదేనండీ. మొదటిరోజే మీ పనేమిటని అడగాల్సింది. నాలుగు వారాలూ ముట్టుకోలేదు కదూ?”

“లేదమ్మా.”

“నమ్ముతున్నాను,” అంది. డాక్టరు మడతాయన తేదీని కాగితాల్లో మళ్లీ రాశాడు. రెండు వారాల తర్వాత ఇంకో పరీక్ష, అది ఆరు లోపు వస్తేనే ఆపరేషన్.

మర్నాడు కిటికీ సందుల్లోని దుప్పటి పేలికలు ఆవిడే లాగి పారేసింది. బొగ్గులు రాజెయ్యడం ఇక కొట్టు బయట, అరుగు మీద. పెట్టె కాగాకే లోపలికి. తలుపు బార్లా, కిటికీ బార్లా. రెండో రోజుకే ఇద్దరి తలనొప్పులూ ఎగిరిపోయాయి. కానీ అరుగెక్కడ? టీ బండికి రెండడుగుల దూరంలో. వాసన తగలకూడదని గదిలో దాక్కున్న మనిషి, ఇప్పుడు పొగ తాగేవాళ్ల మధ్య కూర్చుని నిప్పు విసరాల్సి వచ్చింది.

“వచ్చావా బావా! మళ్లీ మనుషుల్లో కలిశావు,” అని టీ బండి ఆయన సంబరపడ్డాడు. ఆ వెనకే ఒకడు సిగరెట్ నోట్లో పెట్టుకుని ముందుకు వంగాడు. “కాస్త నిప్పు.”

మడతాయన పట్టకారుతో కణిక తీశాడు. ఎదుటివాడి సిగరెట్ అంచు ఎర్రబడింది, ఆ పొగ ముక్కు పుటాల్లోకి వచ్చి పాత స్నేహితుడిలా భుజం మీద చెయ్యేసింది. పది నిమిషాలు అనుకున్నాడు. ఐదు అనుకున్నాడు. ఒక్కటి, ఒక్క దమ్ము, ఎవరికి తెలుస్తుంది?

“ఏమయ్యా, నీకు అగ్గిపెట్టె కొనుక్కోవడం చేతకాదా?” అని హఠాత్తుగా అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. “ముప్పై నాలుగేళ్లుగా వీధి వీధికంతా నేను నిప్పు మోస్తున్నాను! నేనేమన్నా పొయ్యినా?”

ఆ మనిషి బిత్తరపోయి వెనక్కి తగ్గాడు. టీ బండి ఆయన గ్లాసు కడుగుతూ కడుగుతూ ఆగిపోయాడు. మధ్యాహ్నం చూస్తే, చక్రాల కింద రాళ్లు తీసి బండిని కిటికీ దగ్గర నుంచి తోసుకుంటూ వీధి అవతలి వైపుకు తీసుకెళ్తున్నాడు. అక్కడ నీడ లేదు. ఎందుకన్నయ్యా అని ఆవిడ అడిగితే, “ఇక్కడ నేల ఎగుడుదిగుడుగా ఉందమ్మా, పాలు ఒలుకుతున్నాయి,” అన్నాడు. ఇరవై ఏళ్లుగా లేని ఎగుడుదిగుడు. సాయంత్రం ఆవిడ ఒక అగ్గిపెట్టె కొని, దారం కట్టి, ఆ బండి కొయ్యకు వేలాడదీసి వచ్చింది. ఇస్త్రీ కొట్టు తరఫున కొన్న మొట్టమొదటి అగ్గిపెట్టె అది.

రెండు వారాలూ అరుగు మీద అలాగే గడిచాయి. కోరిక రాలేదని కాదు. రోజూ వచ్చింది, కొన్నిసార్లు గంటకోసారి వచ్చింది. మడతాయన దాన్ని తిట్టుకుంటూ, బొగ్గులు విసురుకుంటూ, పెట్టె అడుగున నీటిబొట్టు వేసి చుయ్యిమనే చప్పుడుతో వేడి కొలవడం నేర్చుకున్నాడు. పరీక్ష రోజున ఊదితే పచ్చదీపం వెలిగింది. మూడు. ఆవిడ కూడా ఊదింది, ఎవరూ అడగకపోయినా. రెండు.

“చూశావా, నీకంటే ఒకటి తక్కువే,” అంది బస్సులో.

వచ్చే సోమవారం ఆపరేషన్. తర్వాత కాలు కింద పెట్టకుండా చాలా వారాలు ఉండాలట. అన్నాళ్లూ పెట్టె తను పడతానంది ఆవిడ. పెద్ద మాస్టారు తన చొక్కాలు కాల్చే వంతు ఆవిడకు కూడా ఇస్తానన్నాడు.

ఆ సాయంత్రం కొట్టు కట్టే వేళ మడతాయన బల్ల తుడిచి, పెట్టెలోని బూడిద పారబోసి, అలవాటుగా ఆవిడ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఆవిడ మూటలు కడుతూనే ఉంది. కాసేపు చూశాడు. చిర్రెత్తుకొచ్చింది.

“ఏం, ఇవాళ అడగవా?”

“ఏమని?”

“తాగావా అని.”

ఆవిడ తలెత్తకుండా ముడి బిగించింది. “తాగావా?”

“లేదు.”

ఆయన ‘ఊఁ’ కోసం ఎదురుచూశాడు. ఆవిడ ఆ మాట అనలేదు. లేచి, తన ముక్కాలిపీట ఆయన వైపు తోసి, “నిలబడ్డావెందుకు? ఆ కాలు కాసేపు పైన పెట్టుకో,” అంది.